ఒకే నారు, వేరువేరు మళ్ళు
రక్తం పుట్టుక వెతికిన అలెగ్జాండర్ మాక్సిమోవ్ జీవితం

కోడిపిండం స్లయిడు చూడని జువాలజీ విద్యార్థి ఉండడు. పిండం చుట్టూ పచ్చసొన మీద ఎర్రటి చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. వాటిని రక్తద్వీపాలు అంటారు. మనం రికార్డు పుస్తకంలో పెన్సిలుతో చుక్కలు పెట్టి, పక్కన గీత గీసి, పేరు రాసి, సంతకం పెట్టించుకుని బయట పడతాం. ఆ చుక్కలు అక్కడికి ఎలా వచ్చాయి, వాటిలోని కణాలు తర్వాత ఎటు పోతాయి అని మనలో అడిగేవాళ్ళు తక్కువ. నేనూ అడగలేదు. అడిగి, ఆ ఒక్క ప్రశ్న వెనకే జీవితమంతా నడిచిన మనిషి ఒకడున్నాడని ఆలస్యంగా తెలిసింది. ఆయన పేరు అలెగ్జాండర్ మాక్సిమోవ్. రష్యా దేశస్థుడు. ఈనాడు పేపర్లలోనూ టీవీలోనూ మోగిపోతున్న 'మూలకణం' అనే మాటకు రక్తం విషయంలో గట్టి అర్థం ఇచ్చినవాళ్ళలో ముందు వరసలో నిలబడేవాడు.

మన పల్లెల్లో తల్లి రక్తం పంచుకుని పుట్టాడు అంటాం. ప్రేమ కొద్దీ అనే మాట, తప్పు పట్టనక్కరలేదు. కాని శరీరశాస్త్రం ప్రకారం తల్లి రక్తనాళాలు వేరు, బిడ్డ రక్తనాళాలు వేరు. మాయ ద్వారా ఆహారమూ ప్రాణవాయువూ అందుతాయి గాని, బిడ్డ తన రక్తం తానే తయారు చేసుకోవాలి. అప్పటికి ఎముకలే లేవు, ఇక ఎముకలో మూలుగ ఎక్కడిది? మరి రక్తం ఎక్కడ తయారవుతుంది? ఇదీ మాక్సిమోవ్ ముందున్న ప్రశ్న.

బాల్యం – చదువు

మాక్సిమోవ్ 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో పుట్టాడు. కలిగిన వర్తక కుటుంబం. జర్మన్ భాషలో చదువు చెప్పే బడిలో చేర్చారు. ఆ రోజుల్లో సూక్ష్మదర్శిని శాస్త్రానికి జర్మన్ భాషే రాజభాష కాబట్టి ఆ చదువు తర్వాత బాగా అక్కరకొచ్చింది. 1891లో ఇంపీరియల్ మిలిటరీ మెడికల్ అకాడమీలో వైద్యవిద్యలో చేరి 1896లో పూర్తి చేశాడు. విద్యార్థిగా ఉండగానే జంతువుల కాలేయం మీద స్వయంగా పరిశోధన చేశాడు. తర్వాత డాక్టరేటు కోసం గాయపడిన వృషణ కణజాలం మళ్ళీ ఎలా మొలుచుకొస్తుందో పరిశీలించాడు. పోయింది ఎలా తిరిగి వస్తుంది అన్న ఆలోచన అప్పటికే ఆయన బుర్రలో నాటుకుందన్నమాట.

ఆ తర్వాత కొంతకాలం జర్మనీలో పనిచేశాడు. దెబ్బ తగిలిన చోట వాపు ఎందుకొస్తుంది, ఆ వాపులోకి ఏ కణాలు వచ్చి చేరతాయి అని చూశాడు. రక్తంలోంచి బయటికి వచ్చిన కొన్ని కణాలు అక్కడ రూపం మార్చుకుని వేరే పని చేస్తాయని 1902లో ప్రకటించాడు. మరుసటి ఏడే, 1903లో, తాను చదివిన అకాడమీలోనే కణజాలశాస్త్రానికీ పిండశాస్త్రానికీ ఆచార్యుడయ్యాడు. అప్పటికి వయసు ఇరవైతొమ్మిది. ఆ కుర్చీలో దాదాపు ఇరవై ఏళ్ళు కూర్చున్నాడు.

రెండు పక్షాలు

ఆ కాలంలో రక్తం గురించి పండితుల్లో పెద్ద తగాదా నడుస్తూ ఉండేది. 1868లో ఎర్న్‌స్ట్ నోయ్‌మన్ అనే జర్మన్ వైద్యుడు రక్తం ఎముక మూలుగలో తయారవుతుందని చూపించాడు. తర్వాత పాల్ ఎర్లిక్ రంగులద్ది రక్తకణాలను రకరకాలుగా విడదీశాడు. కొన్ని తెల్లకణాల్లో రేణువులు కనిపించాయి, కొన్నింట్లో కనిపించలేదు. రేణువులున్నవి మూలుగ సంతానం, లేనివి శోషరస గ్రంథుల సంతానం, రెండూ వేరువేరు వంశాలు, ఒకదానికొకటి సంబంధం లేదు అని ఎర్లిక్ పక్షం వాదించింది. ఎర్లిక్ సామాన్యుడు కాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఆయన మాటకు ఎదురు చెప్పడం అంటే పెదకాపు గట్టు మీద నిలబడి ఉండగా పాలేరు నీళ్ళు మళ్ళించడం లాంటిది.

మాక్సిమోవ్ ఎదురు చెప్పాడు. అయితే గొంతు చించుకుని కాదు, స్లయిడ్లు ముందు పెట్టి. పెద్ద జంతువు మూలుగలో అన్ని రకాల కణాలూ కలగాపులగంగా ఉంటాయి, ఎవరు ఎవరి బిడ్డో తేలదు. అందుకని ఆయన మొదటికే వెళ్ళాడు. కుందేలు మొదలైన క్షీరదాల పిండాలను రోజుల లెక్కన వరసగా తీసుకుని, సన్నటి పొరలుగా కోసి, రంగులద్ది, పచ్చసొన సంచిలో తొలి రక్తకణం కనిపించిన దగ్గర్నుంచి కాలేయంలో రక్తం తయారీ మొదలయ్యే దాకా ఒక్కొక్క మెట్టూ రాసుకుంటూ పోయాడు. ఆ బృహద్వ్యాసం 1909లో అచ్చయింది. అదే ఏడు జూన్ నెలలో బెర్లిన్‌లోని రక్తశాస్త్ర సంఘంలో ఉపన్యసించాడు.

ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది. ఎర్రకణమైనా తెల్లకణమైనా అన్నిటికీ తల్లికణం ఒక్కటే. అది చూడటానికి లింఫోసైటులా గుండ్రంగా, ఏ ప్రత్యేకతా లేకుండా ఉంటుంది. పచ్చసొన సంచిలో ఉన్నా, కాలేయంలో ఉన్నా, మూలుగలో ఉన్నా ఆ కణం స్వభావం ఒకటే. కాని చుట్టూ ఉన్న కణజాలం కల్పించే పరిస్థితులను బట్టి ఒకచోట ఒక రకం కణాలకూ, ఇంకోచోట ఇంకో రకం కణాలకూ జన్మనిస్తుంది. పుట్టిన తర్వాత కూడా అది జీవితాంతం శరీరంలో ఉంటుంది.

ఆ తల్లికణాన్ని ఆయన జర్మన్‌లో 'స్టామ్‌త్సెల్లె' అన్నాడు. ఇంగ్లీషులో స్టెమ్‌సెల్, మన భాషలో మూలకణం. ఈ మాట పుట్టించింది ఆయనే అని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. 1868లోనే హెకెల్ ఈ మాట వాడాడు, రక్తం విషయంలో పాపెన్‌హైమ్ కూడా మాక్సిమోవ్ కన్నా ముందే వాడాడు. మాటను కనిపెట్టడం వేరు, దానికి ఆధారాలతో అర్థం కట్టబెట్టడం వేరు. మాక్సిమోవ్ గొప్పతనం రెండోదానిలో ఉంది.

మడి మారితే

వ్యవసాయం ఇంటి పిల్లవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు మడిలోనే అర్థమైంది. వరి విత్తనం తిన్నగా పొలంలో చల్లం. ముందు చిన్న నారుమడిలో పోస్తాం. అక్కడ కిక్కిరిసి మొలుస్తుంది. తర్వాత పీకి, కట్టలు కట్టి, దమ్ము చేసిన చేలో నాటుతాం. పిండంలో రక్తం కూడా అచ్చం ఇలాగే మడులు మారుతుంది. ఈనాటి లెక్కలు చూడండి.

మనిషి పిండంలో తొలి రక్తకణాలు మూడో వారంలో పచ్చసొన సంచిలో కనిపిస్తాయి. ఇవి తొందర అవసరానికి పుట్టినవి. ఎర్రకణాలు పెద్దవిగా, కేంద్రకంతో ఉంటాయి. వీటిలోని హీమోగ్లోబిన్ కూడా వేరు రకం. జీవితాంతం రక్తాన్నిచ్చే అసలు మూలకణాలు కొంచెం తర్వాత, సుమారు నాలుగైదు వారాల వయసులో, పిండం లోపల ముఖ్య ధమని గోడ దగ్గర పుడతాయి. అక్కణ్ణుంచి కాలేయానికి వలసపోతాయి. ఆరో వారం మొదలు గర్భం సగం దాటేదాకా కాలేయమే రక్తానికి ప్రధాన కార్ఖానా. అక్కడ మూలకణాలు చకచకా రెట్టింపవుతాయి. కాలేయమే నారుమడి అనుకోవచ్చు. పదకొండో వారం ప్రాంతంలో ఎముక మూలుగలో పని మొదలవుతుంది. గర్భం చివరి నెలలకు మూలుగే పెద్ద చేనవుతుంది. అక్కడ కుదురుకున్నాక, పెద్దయిన మనిషిలో మూలకణాలు చాలా భాగం నిద్రావస్థలో ఉంటాయి, అవసరాన్ని బట్టి కొన్ని మాత్రమే విభజన చెందుతాయి. అయినా మన శరీరంలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు తయారవుతూనే ఉంటాయి.

అయితే పోలికకు ఒక హద్దుంది. వరినారు ఏ మడిలో నాటినా వరే అవుతుంది. ఇక్కడ మడి మారితే పంట కూడా మారుతుంది. కాలేయంలో ఉన్నప్పుడు గర్భస్థ శిశువుకు తగిన హీమోగ్లోబిన్ ఉన్న ఎర్రకణాలు ఎక్కువగా వస్తాయి, పుట్టిన కొన్ని నెలలకు పెద్దల రకం హీమోగ్లోబిన్ వస్తుంది. మూలకణ సంతతిలోనే కొన్ని కణాలు థైమస్ గ్రంథికి చేరి టి-కణాలుగా తయారవుతాయి. చుట్టూ ఉన్న చోటే కణం గతిని మలుస్తుందని మాక్సిమోవ్ అన్నది ఇందుకే.

చచ్చిన కణాలు సాక్ష్యం చెబుతాయా?

ఇంత చూపించినా తగాదా తీరలేదు. కారణం ఉంది. రంగులద్దిన స్లయిడులో ఉండేది చచ్చిన కణం. ఈ స్లయిడులో ఒక కణం, ఆ స్లయిడులో ఇంకో కణం, మధ్యలో అటూ ఇటూ కాని రూపాలు. వాటిని బట్టి ఇది అదయింది అనుకోవడమే గాని కళ్ళారా చూసింది లేదు. తిరునాళ్ళలో తీసిన ఫోటోలు చూసి ఎవరు ఎవరికి బంధువో చెప్పమన్నట్టు ఉంటుంది.

ఈ లోపం మాక్సిమోవ్‌కు తెలుసు. అందుకే బతికున్న కణాలను శరీరం బయట గాజు పలకల మధ్య పెంచే పద్ధతి వైపు మళ్ళాడు. 1916 నుంచి ఆ ప్రయోగాల ఫలితాలు ప్రకటించసాగాడు. కాని అది ఎలాంటి కాలం? 1914లో యుద్ధం మొదలైంది. 1917లో విప్లవం వచ్చింది. తర్వాత అంతర్యుద్ధం. పెట్రోగ్రాడ్‌గా పేరు మారిన ఆ నగరంలో తిండి లేదు, పొయ్యిలో కట్టె లేదు. వేలకు వేలమంది ఊరు విడిచి పోయారు. కణాలను పెంచే పనికి శుభ్రత కావాలి, వెచ్చదనం కావాలి, రోజూ కనిపెట్టుకుని ఉండాలి. మనుషులకే దిక్కులేని చోట కణాలకు వెచ్చదనం ఎక్కడ తేగలడు? 1920లో రష్యా సైన్స్ అకాడమీ ఆయన్ని తన సభ్యుల్లో చేర్చుకుంది. గౌరవం దక్కింది గాని పని సాగే వీలు లేకపోయింది.

1922 ఫిబ్రవరిలో ఆయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. చలికాలంలో ఫిన్లండ్ సింధుశాఖ గడ్డకట్టి ఉంటుంది. కుటుంబంతో సహా మంచు మీద జారే బండి ఎక్కి, ఆ గడ్డకట్టిన సముద్రం మీదుగా ఫిన్లండ్ చేరాడు. నలభైఎనిమిదేళ్ళ వయసు. పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, ఇరవై ఏళ్ళుగా కూర్చున్న కుర్చీ అన్నీ వెనక ఉండిపోయాయి. మళ్ళీ తిరిగి చూడలేదు.

ఆయన చేసింది తప్పా ఒప్పా అని మా హాస్టల్లో ఒక రాత్రి వాదించుకున్నాం. కష్టకాలంలో దేశాన్ని వదలడం ఏమిటని ఒకరు, వానలు లేని ఏడు వలసపోయిన రైతును తప్పు పడతామా అని ఇంకొకరు. నాకు రెండో మాటే న్యాయమనిపించింది. నేల మీద మమకారం లేక ఎవ్వరూ పోరు. చేతిలో పని చచ్చిపోతుంటే చూడలేక పోతారు. ఆయన సిద్ధాంతమే ఆయనకు వర్తించింది. కణం అదే, మడి మారింది.

చికాగోలో ఆరేళ్ళు

అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయం ఆయనకు శరీరనిర్మాణ శాస్త్ర విభాగంలో ఆచార్య పదవి ఇచ్చింది. అక్కడ ఆరేళ్ళకు కొంచెం పైగా బతికాడు. ఆ ఆరేళ్ళలో చేసిన పని ఇంకొకరికి జీవితకాలం పడుతుంది. గుంట ఉన్న గాజు పలక, దాని మీద రెండు పల్చటి గాజు బిళ్ళలు పెట్టి కణజాలాన్ని చాలా రోజులు పెంచే ఉపాయం కనిపెట్టాడు. ఆ గుంట పలకను తర్వాతి వాళ్ళు మాక్సిమోవ్ స్లయిడు అనే పిలిచారు. కుందేలు తొలిదశ పిండాల ముక్కలను పెంచి 1925లో ఫలితాలు ప్రకటించాడు. క్షయ క్రిములను పెంపకంలోని కణజాలంలోకి ఎక్కించి రోగం ఎలా పాకుతుందో చూశాడు. 1927లో సంయోజక కణజాలం, రక్తం తయారుచేసే కణజాలం మీద జర్మన్‌లో మహాగ్రంథం లాంటి అధ్యాయం రాశాడు.

ఇంగ్లీషులో విద్యార్థుల కోసం ఒక పాఠ్యపుస్తకం మొదలుపెట్టాడు. అది పూర్తి కాలేదు. 1928 డిసెంబరు 4న గుండెజబ్బుతో నిద్రలోనే కన్నుమూశాడు. వయసు యాభైనాలుగు. సహచరుడు విలియం బ్లూమ్ ఆ పుస్తకాన్ని పూర్తి చేసి 1930లో అచ్చు వేయించాడు. ఎన్నో ముద్రణలు పొంది, తరాల తరబడి వైద్య విద్యార్థులు దాన్ని చదివారు.

తీర్పు

ఆయన పోయేనాటికి తగాదా తెగలేదు. ముప్ఫైమూడేళ్ళ తర్వాత, 1961లో, కెనడాలోని టొరంటోలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు రేడియేషన్ ఇచ్చి వాటి రక్తోత్పత్తిని చంపేశారు. తర్వాత వేరే ఎలుక మూలుగ కణాలు ఎక్కించారు. పదిరోజులకు ప్లీహం మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి. ఒక్కొక్క బొడిపె ఒక్కొక్క కణం సంతానమని 1963లో రుజువైంది. దాంట్లో ఎర్రకణాలు, తెల్లకణాలు కలిసే ఉన్నాయి. ఒక్క తల్లి, పలురకాల బిడ్డలు. మాక్సిమోవ్ గెలిచాడు.

పూర్తిగా గెలిచాడా? లేదు. నిజం చెప్పుకోవాలి. మామూలు లింఫోసైటే మూలకణంగా పనిచేయగలదని ఆయన అనుకున్నాడు. అది తప్పని తేలింది. లింఫోసైటు రోగనిరోధకానికి తయారైన కణం. మూలకణం దానిలా కనిపిస్తుంది, అంతే. రూపం చూసి మనిషిని నమ్మకూడదన్నట్టు, రూపం చూసి కణాన్నీ నమ్మకూడదు. అలాగే పచ్చసొన సంచిలోని తొలికణాలూ, మూలుగలోని కణాలూ అచ్చంగా ఒకటే కావని ఇప్పుడు తెలుసు. అయినా దారి ఆయన వేసిందే. 2001లో లండన్ శాస్త్రజ్ఞులు తొలి మూడు నెలల మానవ పిండాల రక్తం, కాలేయం, మూలుగ ఈ మూడింటిలోనూ ఇంకో రకం మూలకణాలను పోల్చి చూశారు. ఎముక, మృదులాస్థి, కొవ్వు కాగలిగిన ఆ కణాలు మూడుచోట్లా ఒకే పోలికతో ఉన్నాయని చెప్పారు. ఒక్కొక్క కణజాలంలో వెతుకు, పక్కపక్కన పెట్టి పోల్చు, అప్పుడు మాట్లాడు. ఇది మాక్సిమోవ్ పద్ధతే.

దీనివల్ల లోకానికి ఏం ఒరిగింది అంటారా? మూలుగ మార్పిడిని వైద్యంగా నిలబెట్టినందుకు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం, మాయతో పాటు పారేసే బొడ్డుతాడు రక్తాన్ని దాచి, ఒక పిల్లవాడికి అతని చెల్లెలి బొడ్డుతాడు రక్తంతోనే కొత్త రక్తం పుట్టించింది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. మా ఊళ్ళో ఒక రైతు, కాళ్ళు చచ్చుబడిన కొడుకు కోసం ఎకరం అమ్మి, ఎవరో మూలకణాల ఇంజెక్షను అని చెబితే పట్నం వెళ్ళి చేయించాడు. పిల్లవాడు లేవలేదు, పొలం పోయింది. మన దేశంలో 2017లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు రక్త సంబంధమైన జబ్బులకు చేసే మూలకణ మార్పిడిని మాత్రమే రుజువైన చికిత్సగా ఒప్పుకున్నాయి. మిగతావన్నీ పరిశోధనలోనే ఉండాలని, వాటికి రోగి దగ్గర డబ్బు తీసుకోరాదని చెప్పాయి. ఈ సంగతి ఆ రైతుకు చెప్పేవాళ్ళు లేకపోయారు. అప్పటికి నేను ఇంటర్మీడియట్ సైన్సు విద్యార్థినే. నాకూ తెలియదు.

మాక్సిమోవ్ తాను చూసినంత మేరకే చెప్పాడు. చూడలేనిదాన్ని చూడటానికి కొత్త ఉపాయం వెతికాడు. మూలకణం పేరు చెప్పి ఆశ అమ్మేవాళ్ళకూ ఆయనకూ తేడా అదే. మిత్రులారా, ఈసారి కోడిపిండం స్లయిడు ముందు కూర్చున్నప్పుడు ఆ ఎర్రచుక్కలను ఒక్క నిమిషం ఎక్కువసేపు చూడండి. రికార్డులో సంతకం ఎలాగూ పడుతుంది. ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ చుక్కల గురించి మనకు తెలిసింది నాలుగు మాటల్లో ఊళ్ళోవాళ్ళకు చెప్పండి. ఇంకొక ఎకరం అయినా మిగులుతుంది.